సీలేరు దారిలో రంగుల పుట్టగొడుగులు

మాడుగుల కొండల్లో పుట్టి, మాచ్‌ఖండ్ పేరుతో ఉత్తరంగా సాగి, ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో మలుపు తిరిగి, సీలేరు పేరుతో నైరుతి దిశగా దిగి శబరిలో కలిసే నది తూర్పు కనుమల అడవులను ఎగువ నుంచి దిగువ దాకా తాకుతూ పోతుంది. ఈ దారి పొడవునా వానకాలంలో పుట్టగొడుగులు మొలుస్తాయి. కంటికి కనిపించే గొడుగు శిలీంధ్రపు ఫలనాంగం మాత్రమే. సిద్ధబీజాలను, అంటే విత్తనాల పని చేసే సూక్ష్మకణాలను, వెదజల్లడానికి అది కొద్ది రోజులు బయటికి వస్తుంది. అసలు దేహం కట్టెలోనో మట్టిలోనో అల్లుకున్న సన్నని పోగుల వల కనుక, గొడుగు ఏ ఆధారం మీద మొలిచిందో చూపని ఫోటో ఎంత రంగులీనినా సగం సమాచారమే ఇస్తుంది.

ఎగువన ముంచింగిపుట్టు పరిసరాల్లో, కాఫీ తోటలు, అడవి కలిసే చోట్ల, కుళ్లుతున్న కొమ్మలు శిలీంధ్రాలకు ఆహారం. ఉష్ణమండలమంతటా సాధారణమైన డాక్రియోపినాక్స్ ఎండకు ముడుచుకుపోయి, వాన తగలగానే నీరు పీల్చుకుని నారింజ రంగు జిగురు రేకుల్లా తిరిగి విచ్చుకుంటుంది కాబట్టి, వాన వెలిసిన వెంటనే తీసిన ఫోటోలోనే దాని నిజరూపం దొరుకుతుంది. చెట్ల గుబురు కింద వెలుతురు తక్కువ. కెమెరాను నేలకు దగ్గరగా ట్రైపాడ్ మీద నిలిపి, షట్టర్‌ను సెకను దాకా తెరిచి ఉంచితే, తడి మీద మెరుపు మరకలు వేసే ఫ్లాష్ అవసరం ఉండదు. ఆకులను దాటి వచ్చే కాంతి పచ్చదనాన్ని పులుముతుంది కనుక, పక్కనే బూడిదరంగు కార్డు ఉంచి ఒక ఫోటో తీసుకుంటే తర్వాత అసలు రంగును సరిచూడవచ్చు.

నది 150 మీటర్లకు పైగా లోతుకు దూకే డుడుమ జలపాతం దాటాక, కోరాపుట్ వైపు విస్తరించిన సాల అడవుల్లో శిలీంధ్రాల బతుకు మరో రకం: రుసులా జాతులు చెట్ల వేళ్లతో కలిసి శిలీంధ్రమూలం అనే పొత్తు ఏర్పరచుకుని, చెట్టుకు ఖనిజ లవణాలు అందించి, బదులుగా చక్కెరలు తీసుకుంటాయి. వాటిలో అనేక జాతుల ఎరుపు జోరువానకు వెలిసిపోతుంది కనుక, ఒకే జాతి లేత, ముదురు గొడుగులను రెంటినీ తీయకపోతే రంగు పొరపాటు దారి పట్టిస్తుంది.

బలిమెల జలాశయం దాటాక డొంకరాయి దాకా, అడవి వెదురు, ఆకురాల్చే చెట్లతో నిండుతుంది. ఎండ పడే దుంగల మీద పిక్నోపోరస్ సింధూర వర్ణంలో అరలుగా పెరుగుతుంది. నీడలో పడిన కొమ్మల మీద మైక్రోపోరస్ పసుపు కాడతో, గోధుమరంగు వలయాలతో గరాటులా నిలుస్తుంది. రెండింటికీ గొడుగు అడుగున పలుచని పొరలకు బదులు సన్నని రంధ్రాలే ఉంటాయి కాబట్టి, చిన్న అద్దాన్ని కింద పెట్టి అడుగుభాగాన్నీ ఫోటో తీయాలి. వెదురు పొదల వద్ద మొలిచే ముసుగు శిలీంధ్రం తెల్లని జాలీని తెల్లవారుజామున విప్పి, కొద్ది గంటల్లోనే వాడిపోతుంది. దాని దుర్వాసనకు చేరే ఈగలే సిద్ధబీజాలను మోసుకుపోతాయి.

దిగువన చింతూరు వైపు కోయలు, కొండరెడ్లు ఏరుకునే చెదపుట్టల గొడుగులు రంగులో సాదావే. వాటిని పోషించేది చెదపురుగులు: అవి నేల లోపల తమ మలంతో కట్టిన తట్టెల మీద శిలీంధ్రాన్ని పెంచి, దాన్నే తింటాయి. అక్కడి దాకా దిగే పొడవాటి కాడను జాగ్రత్తగా తవ్వి చూపితేనే ఫోటో ఆ సంబంధాన్ని చెప్పగలదు. తినదగినదో కాదో ఫోటో ఒక్కటే తేల్చలేదు. అయితే పైభాగం, అడుగుభాగం, కాడ మొదలు, ఆధారం, చోటు, తేదీ కలిపి నమోదు చేసిన ఫోటోల వరుస, మోతు సంగమం చేరేసరికి, నది వెంట ఏ చెట్టు, ఏ మట్టి, ఏ పురుగు ఏ శిలీంధ్రాన్ని పోషిస్తోందో చెప్పే పటం అవుతుంది.