నాకు తెల్వదా?



కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వర్షాకాలపు రాత్రి, హసన్‌పర్తిలో మేము భోజనానికి కూర్చుండగా కబురు వచ్చింది. దూరపు పల్లెలో మా సంఘపు వృద్ధురాలు ఒకామె చివరి గడియలలో ఉన్నది, ప్రభువు బల్లలో పాలుపొందాలని అడుగుతున్నది. వెంటనే రొట్టె, ద్రాక్షారసము సంచిలో పెట్టుకొని, సంఘములోని ఒక యౌవనస్థుని వెనుక కూర్చుండబెట్టుకొని మోటారుసైకిలు మీద బయలుదేరాము.

కరెంటు లేదు. దారి రెండుగా చీలినచోట మేము ఒకవైపు తిప్పాము. కొంతదూరము పోయాక ఆ తమ్ముడు మెల్లగా, "అయ్యగారూ, చెరువు మనకు ఎడమకు ఉండాలె గదా, కుడికి వస్తున్నది" అన్నాడు. "పదేండ్ల నుంచి తిరుగుతున్న, నాకు తెల్వదా?" అన్నాము. అతడు మరల నోరు తెరవలేదు.

వేరే ఊరు చేరిన తరువాత గాని మా తప్పు తెలియలేదు. తిరిగి వచ్చి ఆ ఇల్లు చేరేసరికి గంట ఆలస్యమైనది. వాకిట్లోనే ఏడుపు వినబడింది. "'అయ్యగారు వచ్చిండ్రా' అని అమ్మ రెండుసార్లు అడిగింది" అన్నది కూతురు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆమె రక్షణ మా బండి మీద ఆధారపడలేదు, ప్రభువునకు స్తోత్రము. అయినను ఆమె చివరి కోరిక మా సంచిలోనే ఉండిపోయినది.

ఆ రాత్రి నుండి, దారి తప్పినవారి గూర్చి ఎక్కడ కనబడినా చదువుచున్నాము. నిజాం కాలంలో కట్టిన మామునూరు విమానాశ్రయము మనకు పొరుగునే ఉన్నా, మనలో విమానమెక్కినవారు తక్కువ. ఆకాశములో లెక్క ప్రకారము పోయేవారు దారి తప్పరని మేము అనుకొనేవారము. అది నిజము కాదు.

1989 సెప్టెంబరు 3న బ్రెజిల్ దేశములో వరిగ్ సంస్థ విమానము ఒకటి మరాబా పట్టణము నుండి బెలేముకు బయలుదేరింది. గంట కూడా పట్టని ప్రయాణము. పోవలసిన దిక్కు కాగితము మీద 0270 అని నాలుగంకెలతో ఉన్నది. చివరి సున్న దశాంశ స్థానము, అనగా అది 27 డిగ్రీలు, ఇంచుమించు ఉత్తరము. కెప్టెన్ దానిని 270గా తీసుకొన్నాడు, అనగా సరిగా పడమర. రెండవ పైలట్ కాగితము చూసి తన పరికరము సరిచేసుకోవలసినది. అతడు కెప్టెన్ పరికరము చూసి అదే అంకె పెట్టుకొన్నాడు. రెండు పరికరములు ఒకే మాట చెప్పాయి, రెండూ తప్పే. సాయంకాలపు సూర్యుడు ఎడమ ప్రక్కన ఉండవలసినది, వారి ఎదుట అస్తమించుచున్నాడు. మాకు చెరువు సాక్ష్యము చెప్పినట్లే వారికి సూర్యుడు చెప్పాడు. చివరకు ఇంధనము అయిపోయి, విమానము రాత్రివేళ అమెజాన్ అడవిలో దిగింది. 54 మందిలో నలభై మందికి పైగా బ్రతికి బయటపడుట దేవుని కృప.

అంత దూరము పోనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2ను మనలో ఎవరు మరచిపోగలరు? ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో పోవుచు, నల్లమల అడవిలో పావురాలగుట్ట వద్ద మరి నలుగురితో కూడ మరణించారు. మరునాటి ఉదయము గాని జాడ తెలియలేదు. వాతావరణము చాలా చెడ్డగా ఉండినదని విచారణలో తేలింది. దానితో పాటు మరొక సంగతి కూడ తేలింది. యంత్రములో నూనె వత్తిడి తగ్గినదని హెచ్చరిక రాగా, పైలట్లు ఆరు నిమిషములకు పైగా దాని గూర్చి పుస్తకములో వెదకుటలో మునిగిపోయారు. చనిపోయినవారిని తప్పుపట్టుటకు ఇది వ్రాయుట లేదు. ఒకరు పుస్తకము చూస్తే మరొకరు ఆకాశము చూడవలెను. ఇద్దరిని పెట్టుట అందుకే.

విమానములో ఒకరు నడుపుతారు, మరొకరు కనిపెట్టుకొని ఉంటారు. ఒకరు ఎత్తు అంకె పెట్టి వ్రేలితో చూపిస్తే, రెండవవాడు తన కన్నులతో చూసి పైకి చదువుతాడు. 1977లో టెనెరిఫె ద్వీపములో రెండు పెద్ద విమానములు ఢీకొని 583 మంది చనిపోయారు. ఢీకొనుటకు ముందు ఒక ఇంజనీరు సందేహము అడిగాడు, కెప్టెన్ దానిని త్రోసివేశాడు. అటువంటి ప్రమాదముల తరువాతనే, చిన్నవాడు ధైర్యముగా అడుగుట, పెద్దవాడు ఓర్పుతో వినుట కూడ పైలట్ల శిక్షణలో చేరినవి.

లేఖనములో ఈ పాఠము ముందే ఉన్నది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదువుడి. క్రేతులో ఇక ముందుకు పోవద్దని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి పౌలు మాట కంటె నావికుని మాట, ఓడ యజమానుని మాట నమ్మాడు. వారికి సముద్రము తెలుసు, పౌలు ఖైదీ. ఓడ తుపానులో చిక్కింది. అయితే తరువాత ఓడవారు పడవ దింపుకొని పారిపోజూడగా పౌలు మరల చెప్పాడు. ఈసారి సైనికులు విని పడవ త్రాళ్లు కోసివేశారు. ఓడ పోయింది గాని 276 మంది ప్రాణములతో ఒడ్డు చేరారు. మొదట వినని చెవి తరువాత విన్నది.

ఇప్పుడు మా సంఘములో కానుకలు ఇద్దరు వేరువేరుగా లెక్కిస్తారు. ఒకరి అంకె చూసి మరొకరు వ్రాయరు. కమిటీలో చిన్నవారిని ముందు మాట్లాడమంటాము. పెద్దలే ముందు మాట్లాడితే మిగిలేది "అవునండి" ఒక్కటే.

మీ ఇండ్లలో కూడ ఇట్లు చేయుడి. పత్తికి మందు కలిపేటప్పుడు డబ్బా మీది కొలత ఒకరు చదువుడి, మరొకరు తమ కన్నులతో చూడుడి. అప్పు కాగితము మీద సంతకము పెట్టకముందు చదువుకొన్న కూతురిచేత చదివించుడి. భార్య "ఇది కాదేమో" అంటే విసుగుకొనవద్దు. ఆమెకు చెరువు కనబడుతున్నదేమో!

తరువాత ఆ తమ్ముని ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాము. "నేనే రెండోసారి చెప్పేది ఉండె, అయ్యగారూ" అని అతడు కన్నీళ్లు పెట్టుకొన్నాడు. కాదు తమ్ముడా, ఒక్కసారి చెప్పినప్పుడే మేము వినవలసి ఉండినది.

ప్రభువు మనకందరికి వినే చెవులను దయచేయును గాక. ఆమేన్.