బ్రిడ్జి కింద మెతుకు



మీరు అమ్మగారు అని పిలిచే మా ఇంటావిడకు కింది వరుస పళ్లు కట్టించి మూడేళ్లు దాటింది. షుగర్ వల్ల చిగుళ్లు పాడై పళ్లన్నీ కదిలిపోయాయి. ముందు తీసి పెట్టుకునే సెట్టు పెట్టించాం. ఆరాధనలో పాట ఎత్తుకోగానే అది లేచి వచ్చేది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాడేది. చివరికి మా అబ్బాయి డబ్బు సర్దితే, పట్నంలో దవడ ఎముకలో నాలుగు టైటానియం స్క్రూలు వేసి, వాటి మీద వరుసంతా ఒకే బ్రిడ్జిగా బిగించారు. ఎముక పట్టేదాకా కొన్ని నెలలు మెత్తటి తిండే. డాక్టరు సరే అన్న రోజు ఆమె మొదట అడిగింది జొన్నరొట్టె.

ఎముక టైటానియాన్ని గట్టిగా పట్టుకుంటుందని స్వీడన్ దేశపు డాక్టరు బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల మీద పని చేస్తూ గమనించాడు. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో వేశాడు. ఆయన చనిపోయేదాకా, నలభై ఏళ్లు అవి నిలిచాయి. ఆ మాట విని మేము నిశ్చింతగా ఉన్నాం. లోహానికి పుచ్చు పట్టదు కదా అనుకున్నాం. నిజమే, పట్టదు. కానీ దాని చుట్టూ ఉన్న చిగురు, ఎముక మాత్రం మనవే.

దేవుడిచ్చిన పంటికీ ఎముకకూ మధ్య సన్నని పొర ఒకటి ఉంటుంది. అన్నంలో రాయి వస్తే చప్పున తెలిసేది దానివల్లే. స్క్రూకు ఆ పొర లేదు. చుట్టూ చిగురు చెడుతున్నా, ఎముక అరుగుతున్నా చాలాసార్లు నొప్పి ఉండదు.

మొదటి ఏడాది పరీక్షలకు వెళ్లాం. రెండో ఏడు కంది కోతలని, పెళ్లిళ్లని, సువార్త కూటాలని వాయిదా వేశాం. ఆమె రోజూ రెండుపూటలా పైపైన తోముకునేది, పళ్లు తళతళ మెరిసేవి. అయితే పక్కన కూర్చుంటే వాసన వచ్చేది. మాకు తెలిసింది. రెండు నెలలు చెప్పలేదు. ఇంత ఖర్చయ్యాక, మళ్లీ నవ్వడం మొదలుపెట్టిన మనిషిని ఎలా నొప్పించాలని ఊరుకున్నాం. ప్రేమ అనుకున్నాం దాన్ని.

డాక్టరు స్క్రూలు విప్పి బ్రిడ్జి బయటికి తీసినప్పుడు దాని అడుగున గార, కుళ్లిన మెతుకులు. ఎక్స్‌రేలో ఒక స్క్రూ చుట్టూ ఎముక కొంత తగ్గింది. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోమని చెప్పారు. తిరిగి వస్తుంటే బస్సులో ఆమె ఒక్కటే అడిగింది: "మీకు వాసన రాలేదా?"

ఇప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మా పని ఇదే. ఆమె అద్దం ముందు కూర్చుంటుంది, మేము టార్చి పట్టుకుంటాం. మెత్తటి బ్రష్ అయ్యాక దారం. దాని ఒక కొస గట్టిగా, మధ్యభాగం దూదిలా ఉంటుంది. గట్టి కొసను బ్రిడ్జి కింద నుంచి దూర్చి, మెత్తటి భాగాన్ని బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగాలి, ప్రతి స్క్రూ దగ్గరా. తర్వాత నీళ్లు చిమ్మే చిన్న మిషన్. కరెంటు పోయినా దారం మానకూడదు. ఆ దారం బంట్వారంలో మాకు దొరకలేదు, తాండూరు వెళ్లేవాళ్లతో తెప్పించుకుంటాం. బొగ్గుపొడి, ఉప్పు వాడొద్దు, గీతలు పడతాయి. బొక్కలు కొరకడం, చెరకు చీల్చడం లేదు. పేలాల పొట్టు అయితే మహా మొండిది! షుగర్ అదుపులో పెట్టుకోవాలి. మూడు నాలుగు నెలలకోసారి రమ్మన్నారు, ఇప్పుడు తప్పడం లేదు.

యెహెజ్కేలు 33వ అధ్యాయంలోని కావలివాడి గురించి ఈ మందిరంలో ఎన్నిసార్లు బోధించామో మీకు తెలుసు. ఇంట్లోనే బూర ఊదని కావలివాళ్లం మేము. ఆ రాత్రి ప్రార్థనలో ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. సంఘంలో ఒక ఇంట్లో కొంతకాలంగా ఏదో చెడుతోందని మాకు తెలుసు. బయటికి అంతా బాగుంది, ప్రతి ఆదివారం ముందు వరుసలోనే కూర్చుంటారు. వాళ్లు నొచ్చుకుంటారని ఊరుకున్నాం. ఎవరిల్లని అడగొద్దు, చెప్పం.

ఇదంతా రాయమన్నది అమ్మగారే. వాసన సంగతి కూడా దాచొద్దంది.

పోయిన వారం ఆ ఇంటికి ఇద్దరం వెళ్లాం. టీ తాగాం. చాలాసేపు కంది ధర గురించే మాట్లాడి, లేచేముందు చెప్పాం. ఆ సహోదరుడు ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుని రోడ్డు దాకా మాతో నడిచి వచ్చాడు.