ఎడమ, కుడి, మళ్ళీ కుడి

నేను బి.ఏ. చదువుకున్నాను. చరిత్ర, రాజనీతి, ప్రత్యేక తెలుగు. నాకు తెలిసినంతలో కంప్యూటరంటే నవల టైపు చేసుకునే పెట్టె. అందులో పొల్లులూ వత్తులూ సరిగ్గా పడనప్పుడు మా అమ్మాయిని పిలిచేదాన్ని. "నీకు అర్థం కాదులే అమ్మా" అంటూ వచ్చి, రెండు మీటలు నొక్కి వెళ్ళిపోయేది. ఆ మాటకి నేనేమీ నొచ్చుకునేదాన్ని కాదు. పిల్లలు మనకంటే తెలిసినవాళ్ళు కావాలనే కదా ఫీజులు కడతాం!

పోయిన కార్తీకంలో ఒకరాత్రి, పదకొండు దాటాక, మినపప్పు నానబోసి, దీపం ఆర్పుదామని గదిలోకి వెడితే పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని ఏడుస్తోంది. చప్పుడు లేకుండా. పందొమ్మిదేళ్ళ పిల్ల అలా ఏడుస్తుంటే తల్లికి ఎటువంటి ఆలోచనలు వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అవన్నీ ఒక్క నిమిషంలో కళ్ళముందు తిరిగాయి.

తీరా చూస్తే కారణం ఒక గుడిసె.

మర్నాడు లాబ్‌లో గుడిసె బొమ్మ చూపించాలట. ప్రోగ్రాం రాసి కంప్యూటరు చేత గీయించాలి. కాలేజీలో దాన్ని నేర్పింది టర్బో సి మీద. బోర్లాండ్ అనే కంపెనీ దాన్ని 1987లో తెచ్చింది, అంటే నేను రెండో తరగతిలో ఎక్కాలు వల్లిస్తున్న రోజుల్లో. అందులో బొమ్మలు గీసే మాటలన్నీ గ్రాఫిక్స్ డాట్ హెచ్ అనే ఫైలులో వుంటాయి. అది డాస్ కాలపు సరుకు. విండోస్‌లో కూడా పనిచెయ్యాలని అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు అటువంటిదే మళ్ళీ తయారుచేసి పెట్టారు. మూడు ఫైళ్ళు దించుకుని, రెండు ఒకచోట, ఒకటి ఇంకోచోట పెట్టుకోవాలి. పెట్టింది. సాయంత్రం ఆరింటి నుంచీ తెరనిండా ఎర్ర అక్షరాలే.

"నాకీ చదువు రాదమ్మా, మానేస్తాను" అంది. నేనేదో సర్దిచెప్పబోతే, "నువ్వు చదివింది నన్ను చదవనివ్వలేదుగా" అంది.

నిజమే. ఇంటర్ అయ్యాక చరిత్ర చదువుతానంది. "నా బి.ఏ. ఏపాటి కూడు పెట్టింది?" అని అడ్డుపడింది మావారు కాదు, నేనే. నవలలు రాసుకు బతికేదాన్ని, పిల్లని మాత్రం నవలలకి ఆమడదూరంలో పెంచాలనుకున్నాను. రెండేళ్ళుగా ఆ సంగతి ఇద్దరం ఎత్తుకోలేదు.

ఏమనాలో తోచక తెర చూపించి, "అసలేమంటోందో ఒకసారి చదవవే" అన్నాను.

"చదవడానికేముంది, ఎర్రర్లు!"

అదీ వరస. అంతసేపట్లో ఒక్క వాక్యమూ పూర్తిగా చదవలేదు. ఎర్రగా కనిపించగానే ఎవరో చెప్పిన ఫైలు తెచ్చి దీనిమీద వెయ్యడం, దానిమీద ఇంకోటి వెయ్యడం. మా పెద్దత్తయ్య మోకాళ్ళ నొప్పికి ఆరుగురు డాక్టర్ల మందులూ ఒకే పూట మింగేది, అలాగ.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ప్రూఫులు దిద్దే అలవాటు కనక పై వరస నుంచి మొదలెట్టాను. ఎస్‌స్ట్రీమ్ అనే ఫైలు లేదని మొదటి ఫిర్యాదు. "ఇది ఎవరింటి పిల్లే?" అన్నాను. "సి ప్లస్ ప్లస్‌లోది" అని విసుగ్గా అనబోయి, ఠక్కున ఆగిపోయింది. ప్రోగ్రాం ఫైలు పేరు చివర వట్టి 'సి' పెట్టింది. పేరు చూసి కంపైలరు దాన్ని పాత సి భాష కింద జమకట్టింది. 'సీపీపీ' అని మార్చగానే ఆ ఫిర్యాదు పోయి, ఇంకోటి వచ్చింది.

గ్రాఫిక్స్ డాట్ హెచ్, 302వ వరస. రైట్ అన్న పేరు రెండుసార్లు వచ్చిందట. ఆ వరస తెరిపించాను. లెఫ్ట్, రైట్, రైట్, బాటమ్. ఎడమ, కుడి, మళ్ళీ కుడి, కింద.

"మరి పైన ఏదే?" అన్నాను.

పటానికి నాలుగంచులుంటాయని తెలియడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు కదా! టాప్ అని వుండాల్సినచోట చెయ్యిజారి రైట్ పడింది. అచ్చుతప్పు! నా మూడో నవల్లో కథానాయిక ఒకే పేజీలో రెండుసార్లు విధవరాలైంది. పాఠకులు నన్ను ఊరుకున్నారా? పిల్ల ముక్కు తుడుచుకుని ఆ మాట దిద్దింది.

సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఈసారి ఇనిట్‌గ్రాఫ్, లైన్, సర్కిల్, ఒక్కొక్కదాని ముందూ 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని పడింది. "ఇది కంపైలరు గొడవ కాదమ్మా, లింకరుది" అంది. తేడా ఏమిటని అడిగాను. నాకు చెప్పడం కోసం తను కూడబలుక్కుంది. నాకు అర్థమైంది ఇది. శుభలేఖలో నాదస్వర కచేరీ అని వేయిస్తాం. అచ్చుతప్పులు చూసిపెట్టే పెద్దాయన పేర్లూ ముహూర్తమూ సరిచూసి బాగుందంటాడు. మేళంవాళ్ళు వస్తారా రారా అన్నది ఆయనకి పట్టదు. ఆయన కంపైలరు. పందిట్లో నిలబడి "ఏరర్రా సన్నాయివాళ్ళు?" అని కేకలేసే మేనమామ లింకరు. గ్రాఫిక్స్ డాట్ హెచ్ వట్టి శుభలేఖ. మేళం మూడో ఫైలులో వుంది. దాన్ని విడిదిలో దింపారు గాని, పందిట్లోకి పిలవలేదు.

ఆ పిలుపు లింకరుకి ఇచ్చే చీటీలో రాయాలి. ఒక్క బీజీఐ రాస్తే చాలదు, విండోస్‌వాళ్ళ సొంత లైబ్రరీలు మరో ఐదు కూడా రాయాలి. ఆరూ రాసింది. అయినా బీజీఐ పొసగదు కనక వదిలేస్తున్నానంది లింకరు. ఇంతకుముందైతే పిల్ల ఇక్కడ మళ్ళీ ఏడ్చేది. ఈసారి ఆ వాక్యం పైకి చదివి, మళ్ళీ చదివి, "ఓహో" అంది. లైబ్రరీ 32 బిట్ల కాలంలో కుట్టింది, కంపైలరేమో 64 బిట్లకి కుడుతోంది. నా పెళ్ళినాటి జాకెట్టు ఇప్పుడు నాకు పట్టినట్టే. అదృష్టం కొద్దీ మా కంపైలరుకి పాత కొలతలు కూడా వచ్చు. పైన మూలనున్న జాబితాలో 32 అన్నదాన్ని ఎంచుకుంటే సరిపోయింది.

నల్లటి కిటికీ ఒకటి తళుక్కుమని మాయమైంది. నేను గాభరాపడ్డాను గాని పిల్ల పడలేదు. బొమ్మ గీసెయ్యగానే పనయిపోయిందని ప్రోగ్రాం వెళ్ళిపోతోందట. చివర గెట్‌చ్ అని ఒక్కమాట రాస్తే, మనం మీట నొక్కేదాకా కనిపెట్టుకుని వుంటుందట. రాసింది.

గుడిసె వచ్చింది. తలుపు గోడంత వుంది. సూర్యుడు కప్పుమీద కూర్చున్నాడు. నాకు మాత్రం బాగానే వుంది. టైము చూస్తే రెండున్నర.

"ఏ మీట నొక్కినా పోతుంది" అంది పిల్ల. ఎవరం నొక్కలేదు.

కాసేపయ్యాక తెరవైపే చూస్తూ, "మానేస్తానని నేను ఉత్తినే అనలేదమ్మా" అంది.

"తెలుసు" అన్నాను. రేపు మాట్లాడుకుందామని నోటిదాకా వచ్చింది. ఆ రేపటితోనే రెండేళ్ళు గడిపాం. "వుండు, కాఫీ తెస్తాను. కూర్చుని చెప్పు" అని వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యిమీద పెట్టాను.