మీ బిడ్డ నేడు బడిలో ఏమి నేర్చుకొనెను?



మీ యింట ఆరవ, ఏడవ, ఎనిమిదవ తరగతులలో చదువుచున్న బిడ్డ యున్నయెడల ఈ మాటలు మీ కొరకే. చదువను రానివారు మన సంఘములలో ఇంకను అనేకులున్నారు గనుక, చదువ వచ్చినవారు దీనిని వారి యరుగు మీద కూర్చుండి బిగ్గరగా చదివి వినిపింపవలెనని కోరుచున్నాను.

ఐదవ తరగతి వరకు సంగతి వేరు. వీధి చివర చిన్న బడి, ఒకరిద్దరు ఉపాధ్యాయులు. చేపల గంప నెత్తిన పెట్టుకొని పోవు తల్లి గుమ్మము దగ్గర ఒక్క క్షణము నిలిచి, “టీచరుగారండీ, మావోడు ఎలా సదువుతున్నాడండి?” అని యడుగును. ఆమె లోపలినుండియే జవాబు చెప్పును. ఆరవ తరగతికి వచ్చునప్పటికి తెలుగునకు ఒకరు, ఇంగ్లీషునకు ఒకరు, లెక్కలకు ఒకరు, సైన్సునకు ఒకరు, సాంఘికమునకు వేరొకరు. హిందీ అక్షరములు బిడ్డకు ఆ యేటనే క్రొత్త. తల్లి ఎవరిని అడుగవలెను? ఏమని అడుగవలెను? చాలమంది తలిదండ్రుల చదువు ఎక్కడ ఆగిపోయినదో సరిగా ఆ మెట్టు మీదనే బిడ్డ నిలిచియున్నాడు. అందుచేత వారు నోరు మూసికొని, “అంతా మాస్టార్లే చూసుకుంటారు” అని సమాధానపడుదురు.

ఉప్పాడ తీరమున మనకు మరియొక చిక్కు కలదు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోట్లకు, మోటారు బోట్లకు వేట నిషేధము. వేసవి సెలవులును చాలవరకు ఆ కాలముననే వచ్చును. జూన్ రెండవ వారములో బడి తలుపులు తెరచుదురు; ఆ దరిదాపులనే బోట్లును నీట దిగును. సెలవులలో తండ్రి ప్రక్కన కూర్చుండి వల బాగుచేయుట నేర్చిన పదుమూడేండ్ల బాలుని ఒక ప్రక్క బడి పిలుచును, ఒక ప్రక్క బోటు పిలుచును. బోటు మీద వాడు చేసిన పని ప్రొద్దు గ్రుంకకముందే తండ్రి కండ్లకు కనబడును. బడిలో చేసిన పని ఎవరి కండ్లకు కనబడును? కనబడని పనికి విలువ కట్టుట ఎవరికైనను కష్టమే.

మగ్గముల వీధిలోను ఇంతే. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన మన ఉప్పాడ జాంధానీ చీర సంగతి మీరెరుగుదురు. బుటా లోపలివైపునను వెలుపలివైపునను ఒకే తీరున కనబడును. అదే దాని గొప్ప. బిడ్డ చదువు అట్టి చీర కాదు. ఇంటివైపు కనబడునది ఒకటి, బడివైపు కనబడునది వేరొకటి. ఆ రెండవ వైపును తిప్పి చూపువారు లేనియెడల, దారము ఎక్కడ తెగినదో తల్లిదండ్రులకు తెలియనే తెలియదు.

నా యెరుకలో జరిగినది ఒకటి చెప్పెదను. ఆ బడి పేరు, ఆ కుటుంబము పేరు వ్రాయను. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని యొక తల్లి ప్రార్థన ముగిసిన తరువాత నా యొద్దకు వచ్చి ఏడ్చెను. ఆమె కుమారుడు ఏడవ తరగతి. ఇంచుమించు నలువది దినములు ప్రతి ఉదయము సంచి తగిలించుకొని ఇల్లు విడిచెను గాని బడికి పోలేదు. బోట్లకు ఐసు ఎక్కించు చోట చిల్లర పనులు చేయుచుండెను. “ఆడు బడికెళ్ళట్లేదని నాకెవరూ సెప్పలేదండి అయ్యగారూ” అని ఆమె అన్నది. నేను బడికి పోయి విచారించితిని. “ఫోనుకు సందేశములు పంపుచునే యున్నామండి” అని వారు చూపిరి. పంపిన మాట నిజమే. ఆ ఫోను తండ్రి జేబులో, తండ్రి బోటులో, బోటు సముద్రములో. ఒడ్డున ఉన్న దినములలోనైనను దానిని చదువగలవారు ఆ యింట ఒక్కడే యుండెను. వాడు ఆ బాలుడే!

అయినను నన్ను మిక్కిలి బాధించినది ఆ నలువది దినములు కాదు. లెక్కల మాస్టారుగారితో నిదానముగా మాటలాడగా తెలిసినదేమనగా, హాజరు పోవుటకు మూడు నాలుగు నెలల ముందే వానికి లెక్కలు పోయినవి. భిన్నములు అర్థము కాలేదు. దాని తరువాతి పాఠములన్నియు దాని మీదనే కట్టినవి గనుక అవియును అర్థము కాలేదు. తరగతిలో వెనుక బల్లకు చేరెను. తరువాత గుమ్మము దాటెను. భిన్నముల దగ్గరనే ఎవరైన ఆ తల్లికి ఒక మాట చెప్పియుండినయెడల సంగతి వేరుగా నుండెడిదేమో. ఆమెకు చేరవలసిన వార్త “మీవాడు బడికి రాలేదు” అనునది కాదు. “మీవాడు ఈ నెల ఇది నేర్చుకొనుచున్నాడు, ఇక్కడ తడబడుచున్నాడు” అనునది.

ఇది నా సొంత కోరిక కాదు సుమా. ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలకొరకు 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 24వ సెక్షనులో ఉపాధ్యాయుల విధులు వ్రాయబడియున్నవి. తలిదండ్రులతో క్రమముగా సమావేశములు జరుపుట, బిడ్డ హాజరు, నేర్చుకొను శక్తి, నేర్చుకొనుటలో కలిగిన అభివృద్ధి వారికి తెలియజేయుట అందులో ఒక విధి. అదే చట్టము 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే ఉండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. చేపలమ్ము తల్లి ఆ కమిటీలో కుర్చీ వేసికొని కూర్చుండుటకు చట్టమే చోటిచ్చినది. వ్రేలిముద్ర వేయించుకొని పంపివేయు చోట్లను కూడ నేను చూచితిని. ఆ మాట ఇక్కడ విడిచిపెట్టెదను.

మన రాష్ట్రములో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో ఒకే దినమున తలిదండ్రుల, ఉపాధ్యాయుల మహాసమావేశము జరిగెను. 2025 జూలై 10న మరల జరిగెను. మొదటి దానిలో తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడు లాగు పోటీలు పెట్టిరి; బిడ్డలతో కలిసి భోజనము చేయించిరి. ప్రగతి పత్రములు చేతికిచ్చిరి. కొందరు నవ్విరి గాని నేను నవ్వను. బడి గడప ఎన్నడును త్రొక్కని తండ్రి తాడు లాగుటకైనను లోపలికి వచ్చెను గదా! కాని యేటికొకటి రెండు మారులు కలిసికొనుట పండుగ వంటిది. నెలనెలా జరుగవలసినది వేరు. అది పెద్ద పని కాదు. పది నిమిషముల పని.

ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. ఉదయము తొమ్మిది గంటలకు సమావేశము పెట్టి, “ఈ తీరపు తల్లులకు శ్రద్ధ లేదు” అనకుడి. ఆ వేళ బోట్లు ఒడ్డునకు వచ్చును, చేపల పాట జరుగును, ఆ దినపు కూడు అక్కడనే ఉన్నది. మధ్యాహ్నము పెట్టుడి, వేటకు పోని దినము చూచి పెట్టుడి. సముద్రము ఇండ్లను కోసివేయగా కొన్ని కుటుంబములు వేరు పేటలకు మారినవి; పాత చిరునామాకు పంపిన చీటీ ఇసుకలోనికే పోవును. మరియు మార్కులు మాత్రమే చెప్పవద్దు. “ఎఫ్.ఏ.లో పదునొకండు” అనిన తల్లికి ఏమి తెలియును? ఫిర్యాదు ఒక్కటే చెప్పినయెడల ఇంటిలో అది బెత్తముగా మారును. వీపు మీద పడును. మరునాడు బిడ్డ బడికి రాడు.

తలిదండ్రులారా, మీతోను మాటలాడవలెను. పండ్రెండేండ్ల యేసు యెరూషలేములో నిలిచిపోయినప్పుడు తలిదండ్రులు, బంధువుల గుంపులో ఉన్నాడని తలంచి ఒక దినపు ప్రయాణము సాగిపోయిరని లూకా వ్రాసియున్నాడు. పండ్రెండేండ్లు అనగా మన లెక్కకు ఏడవ తరగతి! వారు తిరిగి పోయి వెదకిరి. దొరికినప్పుడు ఆయన బోధకుల మధ్య వారి మాటలు వినుచు ప్రశ్నలు వేయుచుండెను. మరియ యోసేపులు తమ కండ్లతో చూచినది అది. మీరును, గుంపులో ఉన్నాడులే అని తలంచక, పోయి చూడుడి. తరగతిలో మీ బిడ్డ వినుచున్నాడా? ప్రశ్న అడుగుచున్నాడా? దీనిని అడుగుటకు మీకు అక్షరములు రానక్కరలేదు.

ఇంటిలో చేయదగినది ఒకటి కలదు. బిడ్డల పాఠ్యపుస్తకములలో ఒక పుట తెలుగున, ఎదుటి పుట ఇంగ్లీషున అచ్చువేసినవి కలవు. రాత్రి అన్నము దగ్గర ఆ తెలుగు పుటను చదివి వినిపింపుమని అడుగుడి. నీటిలో కరిగిన ఉప్పును వేరు చేయు సంగతి ఒక బాలిక ఇట్లే చదువుచుండగా, ఎండు చేపలమ్ము ఆమె తల్లి, “ఉప్పు కొటారుల్లో సేసేది అదే కదే, దీనికి పుత్తకమెందుకే?” అని నవ్వెనట. ఆ బాలిక మరునాడు తరగతిలో లేచి ఉప్పు మడుల సంగతి చెప్పెనని టీచరుగారే నాతో అన్నారు.

ఐసు దగ్గర దొరికిన బాలుని సంగతి చెప్పక ముగింపరాదు. లెక్కల మాస్టారుగారు ఒక సాయంకాలము తామే ఒడ్డునకు వచ్చి, ఆ తండ్రితో ఇసుకలో కూర్చుండిరి. కొడుకును గూర్చి ఒక్క ఫిర్యాదైనను చేయలేదు. “డీజిలు ఖర్చు పోగా వచ్చిన డబ్బును బోటు యజమానికి, సరంగుకు, కలాసీలకు ఎట్లు పంచుదురండీ?” అని అడిగిరి. ఆ తండ్రి వ్రేళ్ళు ముడుచుచు, ఇసుకలో గీతలు గీయుచు, వాటాలన్నియు పొల్లుపోకుండ చెప్పెను. “మీవానికి రాని పాఠము ఇదేనండి” అని మాస్టారుగారనిరి. తండ్రి కొంతసేపు ఆ గీతలను చూచెను. పిమ్మట కొడుకును కేక వేసి ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను.

ఆ బాలుడు తిరిగి బడికి పోయెను. మాస్టారుగారు నెలకొకమారు ప్రార్థన విడిచిన వేళ మందిరపు గేటు దగ్గరకు వచ్చి, ఆ తల్లితోను మరి కొందరితోను నాలుగు మాటలు చెప్పి పోవుచుండిరి. ఎనిమిదవ తరగతిలో వానికి లెక్కలు పరవాలేదు. హిందీ మాత్రము కుంటుచునే యుండెను. ఆ మాట నాకు చెప్పినది మాస్టారుగారు కాదు, ఆ తల్లియే.