మా గొంతు మేము వినిన దినము

మనుష్యుడు తన ముఖమును దినమునకు పదిమారులు అద్దములో చూచుకొనును. తన కంఠధ్వని ఇతరుల చెవులకెట్లు సోకునో మాత్రము సాధారణముగా నెరుగడు. మేమును ఎరుగకుంటిమి. పద్యపఠన పోటీలలో బహుమతులందిన వారమగుటచే మా గొంతులు శ్రావ్యములని మాకు గట్టి నమ్మకముండెను. గత సంవత్సరము ఆ నమ్మకము ఒక్క మధ్యాహ్నములో నీరుగారిపోయెను. అది యెట్లు జరిగెనో, దానివలన మేమేమి నేర్చితిమో చదువరులకు విన్నవించుటకే యీ వ్యాసము.

మా యూర అంధవిద్యార్థుల వసతిగృహమొకటి కలదు. అందలి బాలురు బ్రెయిలు లిపి నేర్తురు గాని పాఠ్యపుస్తకములన్నియు ఆ లిపిలో వారికి సకాలమున చేరుట లేదు. ఎనిమిదవ తరగతి బాలుడొకడు, చరిత్ర పాఠములను ఎవరైన చదివి ఫోనులో రికార్డు చేసియిచ్చిన మేలగునని మా ఉపాధ్యాయురాలితో చెప్పెనట. వారు మమ్ము పిలిచి, "మీరైదుగురు చదివి పెట్టగలరా?" యని యడిగిరి. "ఇదియెంత పనండీ!" యని ఒప్పుకొంటిమి.

ఆదివారము మధ్యాహ్నము మాలో ఒకరి యింట కూడితిమి. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కారుచుండ చదువ నారంభించితిమి. మొదటి పుటలో పెరటి కాకి, రెండవ పుటలో వంటయింటి కుక్కరు ఈల, మూడవ పుటలో వీధి వెంట పోవు కూరగాయల బండి మా పాఠములో పాలు పంచుకొనెను. తుదకు పరుపులు, బొంతలు పేర్చిన చిన్నగదిలో దూరితిమి. గోడల నుండి తిరిగివచ్చు ప్రతిధ్వనిని ఆ బొంతలు మింగివేయునని అప్పుడు తెలిసెను. "ప", "ఫ", "భ" అను నక్షరములు పలికినప్పుడు ఊపిరి యెదురుగా తగిలి టప్పుమను శబ్దము పుట్టుచుండగా, ఫోనును జానెడు దూరమున, నోటికి కొంచెము ప్రక్కగా నుంచితిమి.

తరువాత వినిచూచితిమి. ఒక్కొక్కరము చెవులు మూసికొంటిమి! "ఈ గొంతు నాది కాదు" అని ప్రతివారును అనుటయే. "అచ్చముగా నీదే" అని తక్కిన నలుగురును నవ్వుటయే. మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు కారణము చెప్పిరి. మనము మాటలాడునప్పుడు ధ్వని గాలిగుండనే కాక తల యెముకల గుండను లోపలి చెవికి చేరును. ఎముకలు మంద్రధ్వనులను బాగుగా మోయును గాన మన గొంతు మనకు గంభీరముగా తోచును. రికార్డులో ఎముకల సాయముండదు. లోకమెల్ల వినునది ఆ పలుచని గొంతునే. మాకు మాత్రము అది కొత్తది!

ఈ గొంతులను అంధులకొరకు దాచు నాలోచన నేటిది కాదు. 1877లో అమెరికా దేశమున థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫు యంత్రమును కనిపెట్టి, తగరపు రేకు చుట్టిన వర్తులముపై పిల్లల పాటనొకదానిని పలికి మరల వినిపించెను. మరుసటి సంవత్సరమే తన యంత్రపు ఉపయోగములను లెక్కించుచు, అంధులకు మాటలాడు పుస్తకములను వానిలో చేర్చెను. కాని నిమిషమునకు 78 మారులు తిరుగు గ్రామఫోను పళ్లెముపై ఒక ప్రక్కకు నాలుగైదు నిమిషముల చదువు కంటె పట్టదు. ఒక నవలకు ఎన్ని పళ్లెములు కావలెనో ఊహించుకొనుడు! మెల్లగా తిరుగు పళ్లెములు వచ్చిన పిదపనే 1934లో అమెరికాయందును, 1935లో ఇంగ్లండునందును అంధులకు మాటలాడు పుస్తకములు అందసాగెను. మొదటి ప్రపంచయుద్ధములో కన్నులు పోయి, పెరిగిన వయస్సున బ్రెయిలు నేర్వజాలని సైనికులకు అవి పెన్నిధులయ్యెను. ఆనాడు ఎన్నో పళ్లెములు పట్టిన పుస్తకము నేడు జేబులోని ఫోనులో ఇమిడియున్నది. సాధనము సులభమయ్యెను, చదువు మాత్రము సులభము కాలేదు. ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది.

వారము దినములలో నాలుగు పాఠములు పూర్తిచేసితిమి. ఒకరి చదువు నొకరు వినుచు "ఆహా", "ఓహో" యని మెచ్చుకొంటిమి. బొబ్బిలి యుద్ధమును చదివినవాడు మాలో ప్రథమ బహుమతి గ్రహీత. తాండ్ర పాపారాయుని ఘట్టమున అతని గొంతు ఉరిమెను, వణికెను, గద్గదమయ్యెను. అది విని మేము చప్పట్లు కొట్టితిమి. పుస్తకము చేతబట్టి వినినవారు మాలో ఒక్కరును లేరు.

త్రైమాసిక పరీక్ష జరిగెను. తరువాత మా ఉపాధ్యాయురాలు మమ్ము పిలిచి ఒక కాగితము చూపిరి. ఆ బాలుడు చెప్పగా లేఖకుడు వ్రాసిన జవాబుపత్రమది. అందు బొబ్బిలి యుద్ధము 1758 డిసెంబరులో జరిగినట్లుండెను. చందుర్తి యుద్ధమును గూర్చిన ప్రశ్నకు జవాబే లేదు. పుస్తకము తెరచి చూచితిమి. బొబ్బిలి యుద్ధము 1757 జనవరిలో జరిగినది. 1758 డిసెంబరులో జరిగినది చందుర్తి యుద్ధము. రెండు పంక్తులు "యుద్ధము" అను మాటతోనే మొదలగుచుండెను. చదువువాని కన్ను మొదటి దానిపై నిలువక రెండవ దానిపైకి దుమికెను. తాటాకు గ్రంథములను నకలు వ్రాసిన లేఖకులకును ఈ ప్రమాదము కలుగుచుండెడిదట. మా ఉరుములలో చందుర్తి యుద్ధమెల్ల మాయమైపోయెను!

క్షమాపణ చెప్పుకొనుటకు వసతిగృహమునకు పోతిమి. ఆ బాలుడు కోపింపలేదు. "మీరు చెప్పినదే నేర్చుకొన్నానన్నా. సరిచూచుకొనుటకు నాకు పుట లేదు గదా" అనెను. ఆ మాట మమ్ము కొరడావలె తాకెను. మా తప్పును మా స్నేహితులు విని నవ్వుకొని పుస్తకములో సరిచూచుకొందురు. అతనికి మా గొంతే పుస్తకము.

మాలో ఒకతె ధైర్యము చేసి, "తమ్ముడూ, ఎవరి చదువు నీకు నచ్చినది?" అని యడిగెను. అతడు కొంతసేపు సందేహించి, బహుమతి గ్రహీత వైపు ముఖము త్రిప్పి, "అన్నా, మీరు చదివినప్పుడు మీరు జ్ఞాపకముందురు. చిత్తూరు అక్క చదివినప్పుడు పాఠము జ్ఞాపకముండును" అనెను. ఆ చిత్తూరు అక్క యాసను గూర్చియే మేము చాటున పరిహసించియుంటిమి. ఆనాడు సిగ్గుపడితిమి.

పిమ్మట ఇట్టి పని చేయు పెద్దలు ఏ పద్ధతి ననుసరింతురో విచారించితిమి. 2005లో కెనడాలోని మాంట్రియల్ నగరమున హ్యూ మెక్‌గ్వైర్ అనునాయన లిబ్రివాక్స్ అను సంస్థను ఆరంభించెను. హక్కుల గడువు తీరిన గ్రంథములను పలుదేశముల స్వచ్ఛంద సేవకులు చదివి, లోకమునకు ఉచితముగా వినిపింతురు. యాస యేదైనను ఎవరినీ త్రోసివేయరు. ఒకరు చదివినదానిని మరియొకరు మొదటినుండి తుదవరకు వినిచూచి, విడిచిన మాటలను, తిరిగి పలికిన పంక్తులను, అనవసరపు చప్పుళ్లను తెలిపినగాని అది వెలువడదు. అచ్చుకు ప్రూఫు దిద్దువారెట్లో చదువునకు వీరట్లు. మరియు చదివినవారు కోరిననేతప్ప వారి చదువు తీరును గూర్చి యితరులు విమర్శింపరు. తప్పు వేరు, తీరు వేరు అను నీ భేదము మాకు మిక్కిలి నచ్చినది.

అది మొదలు ప్రతి శనివారము కూడుచున్నాము. ఒకరి రికార్డును వినునప్పుడు తక్కినవారి చేతులలో పుస్తకముండును. "బాగున్నది" అనుమాట నిషిద్ధము. ఎచ్చట, ఏమి, ఎందుకని చెప్పవలెను. "కాలము"ను "కాళము"గా పలికితివనుట తప్పును చూపుట, ఆలకించి దిద్దుకొనవలసినదే. యాసను గూర్చి మాత్రము ఎవరును నోరెత్తరాదు. కరీంనగరు పలుకైనను, చిత్తూరు పలుకైనను మాటలోని ప్రతి యక్షరము వినబడిన చాలును.

విరామమును గూర్చి ఒక శనివారమెల్ల వాదించితిమి. "రామయ్య చెప్పినట్లు కృష్ణయ్య రాలేదు" అను వాక్యమును చూడుడు. "చెప్పినట్లు" వద్ద ఆగిన, రామయ్య మాట నిజమైనది. ఆగక చదివిన, రామయ్య మాట అబద్ధమైనది. అక్షరమొక్కటియు మారలేదు, ఊపిరి తీసిన చోటు మారెను, అంతే. కంటితో చదువువారు వెనుకకు పోయి సరిచూచుకొందురు. చెవితో చదువువారికి ఆ ఊపిరియే ఆధారము.

ఇట్టి చెవిచదువుతో మన సాహిత్యమున కీర్తికెక్కిన మహనీయులు కలరు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు (1867–1946) చిన్ననాటనే దృష్టిలోపమునకు లోనై, క్రమముగా చూపు కోల్పోయిరి. ఐనను పరులచే చదివించుకొని వినుచు, తాము చెప్పుచు పరులచే వ్రాయించుచు రచన సాగించిరి. వారి "గణపతి" విజయవాడ ఆకాశవాణినుండి నాటకముగా ప్రసారమై ఎందరినో కడుపుబ్బ నవ్వించినది. వారికి చదివి వినిపించినవారు, వారు చెప్పగా వ్రాసినవారు పంక్తులను దాటవేసియున్నచో మనకెంత నష్టము కలిగియుండెడిది! ఆ చదువరులలో పెక్కుమంది పేర్లు మనకు తెలియవు. తెలియకపోవుటయే వారి పని చక్కగా సాగెననుటకు గురుతు కాబోలు.

మొదటి నాలుగు పాఠములను మరల చదివి యిచ్చితిమి. బహుమతి గ్రహీత బొబ్బిలి యుద్ధమును ఈసారి ఉరుములు లేక, వ్రేలితో పంక్తులను వెంబడించుచు చదివెను. ఆ బాలుడు నేడు మా సభలో ఆరవవాడు. చేత పుస్తకము లేకున్నను, అర్థము తెగినచోటును మాకంటె ముందుగా పట్టుకొనును. మొన్న భూగోళ పాఠమును వినుచు, "అక్కా, ఇచ్చట ఒక పంక్తి తప్పినట్లున్నది" అనెను. చూడగా తప్పియే యున్నది. చదివినది మరెవ్వరో కాదు, చిత్తూరు అక్కయే! అందరికంటె గట్టిగా నవ్వినదియు ఆమెయే.

ఏడవ తరగతి విజ్ఞానశాస్త్ర పాఠములు చదువువారు లేక నిలిచియున్నవి. సోదర విద్యార్థులారా, శనివారము సాయంకాలము రండు. గొంతు శ్రావ్యముగా నుండవలెనను నియమము లేదు. పుస్తకమొకటి, వీలైన బొంత యొకటి తెచ్చిన చాలును.