పింఛను పుచ్చుకోని మాటలు

మా నాన్నకు ఇంగ్లీషులో సంతకం పెట్టడం తప్ప ఇంకేమీ రాదు. అయినా రోజంతా ఆయన నోట్లో ఇంగ్లీషు మాటలే నలిగేవి. 1970లలో మేం జంషెడ్‌పూర్‌లో, కద్మా వైపు ఉక్కు కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. చుట్టుపక్కల శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు బోలెడు. ఇంట్లో ఊరి తెలుగు, బజార్లో హిందీ, పక్కింటివాళ్ళతో బెంగాలీ. బిష్టుపూర్ రామమందిరానికి వెళ్తే మళ్ళీ తెలుగు. ఇవి కాక ఇంకో భాష ఉండేది, కార్ఖానా భాష.

ఆరింటికి ఏ షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి బీ, రాత్రి పదింటికి సీ. భోంపు మోగిందంటే వీధిలో సైకిళ్ళు బారులు తీరేవి. ఎనిమిది గంటల పనిదినం ఆ కార్ఖానాలో 1912లోనే వచ్చింది. అక్కడ తొలిసారి ఉక్కు తీసిందీ ఆ ఏడే. అప్పటికి ఊరి పేరు సాక్చీ, జంషెడ్‌పూర్ అయింది 1919లో. తొలిరోజుల్లో పని నడపడానికి అమెరికన్లు, జర్మన్లు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. వాళ్ళు వెళ్ళిపోయినా పనుల పేర్లు మావాళ్ళ నోట ఉండిపోయాయి. పుట్టింట్లో ఎప్పుడో పింఛను పుచ్చుకున్న మాటలు కూడా మా ఊళ్ళో మూడు షిఫ్టులూ డ్యూటీ చేసేవి.

నాన్నది ఓపెన్ హార్త్ షాపు. ఆయన 'ఓపెనార్తు' అని ఒక్క మాటగా అనేవారు. హార్త్ అంటే చలికాలంలో ఇంటిల్లిపాదీ చుట్టూ చేరే పొయ్యిగడ్డ అని స్కూల్లో టీచరమ్మ చెబితే నాకు నవ్వొచ్చింది. మా నాన్న హార్త్ చుట్టూ ఎవరు చేరతారు? లోపల ఉక్కు 1600 డిగ్రీల దగ్గర ఉడుకుతుంటుంది. నీలం అద్దం అడ్డుపెట్టుకుంటే తప్ప అటు చూడలేరు.

ఉక్కు దించేశాక ఫర్నేసు అడుగు, గట్లు అరిగి గుంటలు పడి ఉంటాయి. మళ్ళీ సరుకు వేసేలోపు పారలతో డోలమైటు విసిరి ఆ గుంటలు పూడ్చాలి. ఆ పనిని ఫెట్లింగ్ అనేవారు. ఫెట్ల్ అంటే పాతకాలపు ఇంగ్లీషులో సిద్ధం చేయడం, చక్కబెట్టడం. ఇప్పుడు మామూలు ఇంగ్లీషులో అది దాదాపు ఒకే ఒక్క నుడికారంలో మిగిలింది, మనిషి ఆరోగ్యంగా, హుషారుగా ఉన్నాడని చెప్పడానికి.

మా ఇంట్లో మాత్రం అది రోజూ వినబడేది. అమ్మ బొగ్గుల పొయ్యి మీద వండేది. పొద్దున్నే బూడిద తీసి, పగుళ్ళలో తడిమట్టి కూరి, చేత్తో నున్నగా అలికేది. సీ షిఫ్టు దిగి వచ్చిన నాన్న గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఒరే గుంటడా, అమ్మ ఫెట్లింగ్ చేస్తంది, అటెల్లకు" అనేవారు. అమ్మకూ ఆ మాట అలవాటైపోయింది. "పొయ్యి ఫెట్లింగ్ అవ్వలేదు, టీ అప్పుడే ఏటి?" అని కసిరేది. ఆ మాట ఇంగ్లీషని ఆవిడకు తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు.

పిగ్ ఐరన్ అన్న మాటకు పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. పూర్వం కరిగిన ఇనుమును ఇసుకలో తవ్విన కాలవలోకి వదిలేవారట. నడి కాలవ తల్లిపంది, దాని పక్కన వరసగా ఉన్న పిల్ల కాలవలు పాలు తాగే పందిపిల్లలు. బ్లూమింగ్ మిల్లంటే పూలమిల్లనుకునేవాళ్ళం. అక్కడ బ్లూమ్ అంటే ఇనపముద్ద. ఇంగ్లీషులో ఆ అర్థం వెయ్యేళ్ళ నాటిది.

1980లలో ఉక్కు తీయడానికి కొత్తగా ఎల్‌డీ షాపు వచ్చింది. ఉక్కును ఇంగాట్లుగా, అంటే పెద్ద దిమ్మెలుగా, పోసి చల్లార్చకుండా తిన్నగా కడ్డీలుగా తీసే యంత్రం వచ్చింది. దాంతోపాటు టండిష్ వచ్చింది, లాడిల్ అనే పెద్ద పాత్రలోంచి ఉక్కు అచ్చులోకి సన్నగా దిగడానికి మధ్యలో పెట్టే తొట్టి. నాన్న నోట అది 'టండీసు'. మొదట్లో అది పీపాల్లోకి బీరు పోసే గరాటు పేరు. జేమ్స్ జాయిస్ 1916 నాటి నవలలో డబ్లిన్ కుర్రవాడు ఆ మాట అంటే, ఇంగ్లండు నుంచి వచ్చిన పాదిరీ ఎన్నడూ వినలేదంటాడు. ఆనక కుర్రవాడు వెతికితే అది అచ్చమైన ఇంగ్లీషేనని తేలుతుంది. కాలేజీలో ఆ పేజీ చదువుతూ, ఆ పాదిరీ మా నాన్నను అడిగినా చెప్పేవారు కదా అనుకున్నాను.

మా మేనల్లుడు ఇప్పుడు విశాఖ ఉక్కులో ఉన్నాడు. అక్కడ మొదటినుంచీ ఉక్కంతా ఆ కొత్త పద్ధతిలోనే పోస్తారు. అందుకని టండిష్, బ్లూమ్ వాడికి రోజూ కావాలి. ఇంగాట్లను వేడి సమంగా పట్టేదాకా ఉంచే సోకింగ్ పిట్ మాత్రం వాడెప్పుడూ చూడలేదు. ఇక ఫెట్లింగ్ అంటే ఏంటి మావయ్యా అని నన్నే అడిగాడు. అమ్మ పొయ్యి అలకడం గురించి చెప్పాను. వెంటనే అర్థమైందన్నాడు.