మూడో పిలుపు

మొన్న ఆదివారం మా అమ్మాయి లెక్కల నోటుబుక్కు నా చేతికి చిక్కింది. అయిదో తరగతి చదువుతున్న పిల్ల కదా, భిన్నాలు ఎంతవరకు వంటబట్టాయో చూద్దామని తిరగేశాను. నాలుగు పేజీల దాకా భిన్నాలు బుద్ధిగానే ఉన్నాయి. అయిదో పేజీ నుంచి లెక్కలు మాయమై, మనుషుల్లాంటి బొమ్మలు బయలుదేరాయి. ఒక్కొక్క బొమ్మకూ తలమీద జుట్టుకు బదులు మంట. పైన పెద్ద అక్షరాలతో ‘కణికలు’ అని పేరు. కింద వాళ్ల వివరాలు.

నిప్పుకణికలోంచి అంత చక్కని పేరు లాగినందుకు, తెలుగు మేష్టరుగా నేను లోలోపల సంతోషించిన మాట నిజమే. కాని తండ్రిని కూడానాయె. “లెక్కల పుస్తకంలో ఈ దయ్యాలేమిటే?” అని గట్టిగానే కేకలేశాను.

“దయ్యాలు కాదు నాన్నా, కణికలు. అది వేరే జాతి” అన్నది, బొత్తిగా బెదరకుండా.

మా ఆవిడ వంటింట్లోంచే అందుకున్నది. “యజ్ఞకుండంలోంచి ద్రౌపది పుట్టిందని మీరు కాలేజీలో చెబితే అది సాహిత్యమూ, పిల్ల రాస్తే దయ్యాలూనా?”

ఇంట్లో ఇద్దరు ఒకటైతే మూడోవాడు చెయ్యగలిగిందేమీ ఉండదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఆ పేజీలన్నీ చదివాను.

కణికలు ఎండుకట్టెలూ, కొబ్బరిపీచూ తింటారట. నెయ్యి వాళ్లకు పండగ భోజనం. పచ్చికట్టె తింటే దగ్గు వస్తుంది. ఆ దగ్గే పొగ. పసిపిల్లలు దీపపు వత్తి అంత ఉంటారు. గాలి మెల్లగా వీస్తే ఎదుగుతారు, గట్టిగా వీస్తే చచ్చిపోతారు. ముసలివాళ్లు నివురు కప్పుకుని పడుకుంటారు. వానాకాలమంతా గుహల్లోనే కాపురం. వాళ్ల భాషలో ‘నీళ్లు’ అనేది పెద్ద తిట్టు. ఎవరినీ ముట్టుకోకూడదు కనుక, నమస్కారం పెట్టాలంటే ఒక్కసారి ఎర్రబడి మళ్లీ పసుపుపచ్చగా అవుతారు.

నా కోపం చల్లారిపోయింది. చల్లారడమేమిటి, నేనే ఆ ఆటలో దిగిపోయాను.

“నెయ్యి ఎక్కువ తింటే వాళ్లకు అజీర్తి చేస్తుందా?” అని అడిగింది.

“చెయ్యకేం, అగ్నిహోత్రుడికే చేసింది” అన్నాను. నన్నయగారు తెలుగు చేసిన ఆదిపర్వంలోనే ఉన్నది ఆ కథ. శ్వేతకి అనే రాజు పన్నెండేళ్లపాటు ఆగకుండా యజ్ఞం చేశాడు. ఆ నెయ్యంతా తాగి తాగి అగ్నిదేవుడికి అరుగుదల పోయింది, ఒంట్లో కాంతి తగ్గింది. బ్రహ్మ దగ్గరకు పోయి మొరపెట్టుకుంటే, ఖాండవవనాన్ని తింటే జబ్బు కుదురుతుందని చెప్పాడు. తినబోయినప్పుడల్లా ఇంద్రుడు వాన కురిపించి ఆర్పేశాడు. చివరికి కృష్ణార్జునులు అడ్డు నిలబడితేగాని పథ్యం పూర్తికాలేదు. అదే ఆదిపర్వంలో, ఏ పాపం ఎరగక ఉన్నమాట చెప్పినందుకు భృగుమహర్షి అగ్నిని సర్వభక్షకుడివి కమ్మని శపించాడు. ఏది పడితే అది తినవలసిరావడం నిప్పుకు గొప్ప కాదు, శాపం అన్నమాట. అంతటి ఊహ చేసినవాళ్లకు మా అమ్మాయి కణికలు వింతగా తోచరు.

“అయితే నిజంగా నిప్పుకు ప్రాణం ఉందా?” అన్నది.

ఇది నా చదువుకు మించిన ప్రశ్న. అయినా తెలిసినంతవరకు చెప్పాను. తింటుంది, గాలి పీలుస్తుంది, పెరుగుతుంది, పిల్లలు పెడుతుంది, బూడిద విసర్జిస్తుంది, చస్తుంది. ప్రాణికి కావలసినవి ఇన్ని ఉన్నాయి. లేనిదల్లా పోలిక. కొబ్బరిపీచు మంటలోంచి లేచిన నిప్పురవ్వ గడ్డివామిమీద పడితే గడ్డిమంటే అవుతుందిగాని, తల్లిపోలిక పట్టుకుపోదు. అందుకే నిప్పును శాస్త్రజ్ఞులు ప్రాణుల్లో చేర్చరు. కాని ప్రాణుల్లో మాత్రం నిప్పును చేర్చారు. మైకేల్ ఫారడే అనే మహానుభావుడు 1860లో క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలను పోగుచేసి, ఒక్క కొవ్వొత్తిమీదనే ఆరు ఉపన్యాసాలిచ్చాడు. చివరిదానిలో ఆయన చెప్పినదేమిటంటే, కొవ్వొత్తి చేసే పనీ మన ఊపిరి చేసే పనీ ఒకటేనని. రెండూ గాలిలోని ఆక్సిజన్‌ను పుచ్చుకుని బొగ్గుపులుసు గాలినీ, నీటి ఆవిరినీ వదులుతాయి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి ఇంచుమించు పాతకాలపు నూరు వాట్ల బల్బంత వేడి బయటికి వస్తుంది. మంట కనిపించదు, అంతే. జఠరాగ్ని అని మనవాళ్లు పేరు పెట్టింది ఉత్తపుణ్యానికి కాదు.

“అంటే నేనూ కణికనేనా?” అన్నది.

“కణికవే. అందుకే మీ అమ్మ నిన్ను ఊదుకుంటూ పెంచుతున్నది” అన్నాను. వంటింట్లోంచి ఈసారి జవాబు రాలేదు.

దేశదేశాల్లోనూ జనం నిప్పులో ఎవరో ఒకరిని చూస్తూనే ఉన్నారు. ఐరోపాలో సాలమాండర్ అని నల్లటి ఒంటిమీద పసుపుపచ్చ మచ్చలుండే బల్లిలాంటి జంతువొకటి ఉన్నది. తడిసిన దుంగల తొర్రల్లో దాక్కుంటుంది. ఆ దుంగ తెచ్చి పొయ్యిలో పెడితే, పాపం వేడికి బయటికి పరుగెత్తుకొస్తుంది. అది చూసి, మంటలోంచే పుట్టిందనుకున్నారు. పదహారో శతాబ్దిలో పారసెల్సస్ అనే వైద్యుడు నీటికీ, గాలికీ, మట్టికీ, నిప్పుకూ వేరువేరు జాతుల ప్రాణులను కేటాయిస్తూ, నిప్పును సాలమాండర్ల పేర రాసిచ్చాడు. ఆ శతాబ్దివాడే చెల్లినీ అనే ఇటలీ స్వర్ణశిల్పి ఉన్నాడు. తనకు అయిదేళ్లప్పుడు పొయ్యిలో సాలమాండర్ కనిపించిందనీ, తండ్రి దాన్ని చూపించి ఫెళ్లున చెంపమీద కొట్టాడనీ ఆత్మకథలో రాసుకున్నాడు. తప్పు చేసినందుకు కాదు, చూసిన వింత జన్మలో మరిచిపోకుండా ఉండాలని! పిల్లవాడు ఏడిస్తే బుజ్జగించి డబ్బులు కూడా ఇచ్చాడట.

మా అమ్మాయి చెంప తడుముకుని, “నువ్వు ఎప్పుడైనా చూశావా నాన్నా?” అన్నది. ఇంకా నా నోట మాట రాకముందే, “చీకట్లో ఒక కణిక దారి తప్పి మనింటికి వచ్చి పిలిచిందనుకో. తలుపు తీస్తావా?” అని రెండో ప్రశ్న వేసింది.

ఆ రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. కారణం ఉన్నది.

నా చిన్నతనంలో మా అమ్మమ్మగారి ఊళ్లో ఉండి చదువుకున్నాను. కృష్ణా డెల్టాలో ఊరు, చుట్టూ వరిచేలు. కొరివిదయ్యం సంగతి మా అమ్మమ్మకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కొరివి అంటే మండుతున్న కట్టె. ఆ కట్టె చేతబట్టుకుని అది రాత్రిళ్లు చేనిగట్లమీద తిరుగుతుంది. వెలుగుతుంది, ఆరుతుంది, దగ్గరకు పోతే దూరం జరుగుతుంది. వెంబడించినవాణ్ణి ఊబిలోకి దింపుతుంది. గుమ్మం ముందుకు వచ్చి మనిషిలాగే పిలుస్తుంది. కాని రెండుసార్లే పిలవగలదు. మూడోసారి పిలిచిందంటే అది మనిషే. అందుకని రాత్రిపూట మూడో పిలుపు వినపడేదాకా పలకకూడదు. ఇదీ అమ్మమ్మ శాస్త్రం.

చిత్తడినేలల్లో ఆకూ అలమూ కుళ్లి మీథేన్ అనే వాయువు పుడుతుందనీ, 1776లో ఇటలీలో వోల్టా మజ్జోరె సరస్సు బురదలోంచి దాన్ని పట్టి చూశాడనీ నేను చాలా ఏళ్ల తరవాత చదువుకున్నాను. అది తనంత తాను అంటుకోదు. ఫాస్ఫరస్ చేరిన డైఫాస్ఫేన్ అనే మరో వాయువు గాలి తగలగానే భగ్గుమంటుంది కనుక అదే నిప్పు పెట్టి ఉంటుందని కొందరన్నారు. నీటిలో పైకి తేలే సన్నని బుడగల మధ్య కంటికి ఆనని మెరుపులు పుడతాయనీ, మీథేన్‌ను అవే అంటించగలవనీ 2025లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపారు. ఇవన్నీ 1990లో పదేళ్ల పిల్లవాడికేం తెలుసు?

కార్తీకమాసం, కోతల రోజులు. రాత్రి తొమ్మిదవుతుందేమో. కరెంటు పోయింది. అమ్మమ్మా, మావయ్యా, నేనూ వసారాలో ఉన్నాము. కాలువ అవతల గట్టుమీద ఎర్రటి వెలుగొకటి కనిపించింది. ఆగుతున్నది, ఊగుతున్నది, మళ్లీ కదులుతున్నది. మనిషి జాడలేదు, మంట మాత్రం వస్తున్నది. “కొరివిదయ్యం!” అని మొదట అరిచింది నేనే. అందరమూ లోపలికి దూరి తలుపు గడియ వేసుకున్నాము. అమ్మమ్మ లాంతరు ఆర్పింది.

వెలుగు వచ్చి మా గేటు బయట ఆగింది. కిటికీ సందులోంచి గోడమీద ఎర్రగా ఆడింది.

“అయ్యగారూ!” అని ఆడగొంతు.

మావయ్య లేవబోయాడు. నేను ఆయన పంచె పట్టుకుని వేలాడాను. “ఒకటి” అన్నాను.

“అయ్యగారోయ్!”

“రెండు” అన్నాను.

మూడోదానికోసం చెవులు రిక్కించి కూర్చున్నాము. రాలేదు. గోడమీద వెలుగు కదిలి వెళ్లిపోయింది. చూశారా, మనిషైతే మూడోసారి పిలవదూ అన్నట్టు అమ్మమ్మ నా తల నిమిరింది. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

తెల్లవారాక తెలిసింది. కాలువ అవతలి పేటలో ఒక కూలీని కుప్ప దగ్గర పాము కరిచింది. మా వీధిలో మోటారు సైకిల్ ఉన్నది మావయ్య ఒక్కడికే. అతని భార్య తాటాకు దివిటీ వెలిగించుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ పేటవాళ్లు మా గేటు దాటి లోపలికి వచ్చి తలుపు తట్టే అలవాటు ఆ రోజుల్లో లేదు. బయటే నిలబడి పిలిచింది. లాంతరు ఆరిపోవడం చూసి, మూడోసారి పిలిచే వ్యవధి లేక, పై వీధికి పరుగెత్తింది. అక్కడ ఎవరో ట్రాక్టరు తీసేసరికి గంట పట్టింది. మనిషికి ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు, మోకాలి కింద తీసేశారు.

మావయ్య ఆసుపత్రికి పోయి డబ్బిచ్చి వచ్చాడు. ఆ తరవాత ఆయన ఆ రాత్రి సంగతి ఎత్తగా నేను వినలేదు. అమ్మమ్మ కొరివిదయ్యం కథ చెప్పడం మానేసింది.

సంక్రాంతికి ముందు ఆ అమ్మి మా ఇంటికి తేగలు తెచ్చింది. నేను స్తంభం చాటుకు పోతే, “రా బాబూ, లేత తేగలు” అని తనే పిలిచి చేతిలో పెట్టింది. కుడి అరచెయ్యంతా కాలి, చర్మం ముడుచుకుపోయి ఉన్నది. నేను దానివంక చూస్తుంటే, నవ్వుతూనే అన్నది: “ఆ రాత్రి దివిటీ చేతిదాకా కాలిపోయింది. దయ్యానికైతే చెయ్యి కాలదు కదా బాబూ?”

నేనే అరిచానని ఆమెకు తెలుసో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ తేగ తినలేకపోయాను, పారెయ్యలేకపోయాను. చెల్లినీకి తండ్రి కొట్టిన దెబ్బ ఎంత గుర్తుండిపోయిందో, నాకు ఆ మాట అంతగా ఉండిపోయింది.

ఇదంతా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మొన్న మా అమ్మాయికి చెప్పాను. చెబుతుండగా మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత పెన్సిలు తీసుకుని నోటుబుక్కులో ఏదో రాసి, నావైపు చూడకుండా లేచి ఆడుకోవడానికి వెళ్లింది. తీసి చూశాను.

‘కణికలు తలుపు తట్టరు. తడితే తలుపు కాలిపోతుందని వాళ్లకు భయం. అందుకని దూరంగా నిలబడి పిలుస్తారు. ఒక్కసారి పిలవగానే బయటికి రావాలి’ అని ఉన్నది.

మర్నాడు పేటకు పోయి లెక్కలకు వేరే నోటుబుక్కు కొనుక్కొచ్చాను.